కలిసి తిన్న చోటు

మొన్న మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళాం. మా అమ్మాయి, అల్లుడు, వాళ్ళ పిల్లలిద్దరు, నేను. రథం కదలడానికి ఇంకా టైముంది. సముద్రం వైపు ఇసకలో దుప్పటి పరుచుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, ఊరమిరపకాయలు తిన్నాం. మైకులో ఎవరో గొంతు బొంగురుపోయి చెబుతున్నాడు, ఎర్రగౌను పాప తప్పిపోయింది, ఊరి పేరు చెప్పలేకపోతోంది, తల్లిదండ్రులు ఎక్కడున్నా రావాలని. మా అమ్మాయి చెయ్యి కడుక్కుంటూ అది విని, పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

“ఇదిగో, వింటున్నారా? తప్పిపోతే మమ్మల్ని వెతుక్కుంటూ తిరక్కండి. మనందరం కలిసి తిన్నచోటికి, ఇక్కడికే, వచ్చి కూచోండి.”

ఆ తరవాత ఇంకా ఏదో చెప్పింది. డప్పులు మొదలయ్యాయి, నాకు వినబడలేదు. ఆ మాట నేను నా పిల్లలకి ఎప్పుడూ నేర్పలేదు. మరిచిపోయి కాదు, నేర్పకూడదనుకుని నేర్పలేదు. మరి దీనికెలా వచ్చింది?

ఆ సాయంత్రం రథం చూస్తున్నానన్న మాటేగాని, నా కళ్ళ ముందు ఉన్నవి వేరే నీళ్ళు, వేరే జనం.

నేను బళ్ళో చదువుకున్నది తక్కువ. లెక్కలు సొంతంగా పట్టుబడ్డాయి. మా ఊరు బండారులంకలో ఏ మగ్గం మీదైనా కొత్త రకం అంచు వెయ్యాలంటే, పడుగుకి ఎన్ని పోగులు పడతాయో తేల్చడానికి ఇప్పటికీ నాకే కబురు పెడతారు. ఈ పిచ్చి మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. అందుకని ఇక్కడ నేను కళ్ళారా చూసినదేదో, పెద్దవాళ్ళ నోట విన్నదేదో విడదీసి రాయాలని నా ప్రయత్నం. చిన్ననాటి సంగతులు కదా, ఎంత జాగ్రత్తగా తీసినా పోగులు కొంచెం చిక్కుపడే ఉంటాయి.

మేం రంగంలో ఉండేవాళ్ళం. రంగూన్‌ని మావైపు అందరూ రంగం అనే అనేవారు. మగ్గం మీద అందరి పొట్టా గడవదని మా నాన్న పెళ్ళికి ముందే ఓడెక్కి వెళ్ళాడట. నేను ఎరిగేసరికి ఒక బియ్యం మిల్లులో తూకం గుమాస్తా. నేను, తమ్ముడు అక్కడే పుట్టాం. చెల్లి మాత్రం, అమ్మ పురిటికి వచ్చినప్పుడు, బండారులంకలో పుట్టింది. మా ఇల్లు ఓ చెక్క మేడ మీద రెండు గదులు. కింద ఎప్పుడూ తవుడు వాసన, ఎదురుగా నప్పి అమ్మే దుకాణం. నప్పి అంటే వాళ్ళు మురగబెట్టి చేసుకునే చేపల ముద్ద. కొత్తలో అమ్మ ఆ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే వంట చేసేదట. నాకు మాత్రం ఇల్లంటే ఆ వాసనే.

ఆదివారం మిల్లు మూత. ఆ ఒక్క రోజు మా నాన్న వేరే మనిషి. వారమంతా కోటు గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు, ఆదివారం పొద్దున్నే బర్మావాళ్ళలాగా పట్టు లుంగీ కట్టి, కాగితం గొడుగు పట్టుకుని తయారయ్యేవాడు.

“ఈ అవతారం మీ అమ్మగారు చూశారంటే మూర్ఛపోతారు,” అనేది అమ్మ.

“ఆవిడ చూడకుండా మధ్యని సముద్రం ఉంది కదుటే,” అనేవాడు నాన్న.

అమ్మ తెల్లారగట్లే లేచి పులిహోర కలిపి ఇత్తడి క్యారేజీలో సర్దేది. పై గిన్నెలో ఊరమిరపకాయలు. ట్రాము ఎక్కి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళేవాళ్ళం. ఎక్కడికన్నది ట్రాము ఎక్కేదాకా నాన్న చెప్పేవాడు కాదు. ఒకసారి చెరువు గట్టు, ఒకసారి ఏటి మీద సంపాను పడవ, ఒకసారి బంగారు గోపురం ఉన్న పెద్ద పగోడా. దారి పొడుగునా మాకు లెక్కలు ఇచ్చేవాడు. ఈ ట్రాము ఆ గడియారస్తంభం దగ్గరికి ముందు వెళుతుందా, ఆ రిక్షావాడు ముందు వెళతాడా? ముందు చెప్పినవాళ్ళకి పల్లీలు. తమ్ముడు లెక్క వెయ్యకుండా గుడ్డిగా చెప్పి నాకన్నా ఎక్కువ పల్లీలు తినేవాడు. ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ కొంచెం ఉంది.

చెరువు గట్టున ఓ బర్మా ముసలమ్మ కావిడి దించుకుని చేపల పులుసు పోసిన సేమ్యాలాంటిది అమ్మేది. మాకు అది తినడానికి వీల్లేదని అమ్మ ఆజ్ఞ. ఓ ఆదివారం నేను, తమ్ముడు చెట్టు చాటుకి వెళ్ళి ఒకే దొప్పలో ఇద్దరం తిన్నాం. తిరిగి వచ్చేసరికి నాన్న మా మొహాలు చూశాడు.

“ఏదీ, నోరు చూపించండి.”

ఇద్దరం నోళ్ళు మూసుకుని నిలబడ్డాం. నాన్న వంగి వాసన చూసి, అమ్మకి వినబడకుండా, “నాకు ఉంచలేదేంరా?” అన్నాడు. అంతే. అమ్మకి చెప్పలేదు.

పగోడా దగ్గర తీర్థం జరుగుతున్న ఓ ఆదివారం, మెట్ల మీద కూర్చుని తిన్నాక, నాన్న ఆ మాట మొదటిసారి చెప్పాడు.

“ఇక్కడ జనం చూడండి. తప్పిపోతే ఏం చేస్తారు?”

“వెతుకుతాం,” అన్నాను.

“మేవూ వెతుకుతాం. నువ్వు ఆ వీధిలోకెళ్తే మేవు ఈ వీధిలో ఉంటాం. మేవు అక్కడికొచ్చేసరికి నువ్విక్కడ ఉంటావు. వెతికేవాళ్ళిద్దరూ తిరగకూడదమ్మా. ఒకళ్ళు కూచోవాలి. మీరు కూచోండి, మేవు తిరుగుతాం. దొరక్కపోతే మేవూ మీరు కూచున్నచోటికే వస్తాం.”

“ఎక్కడ కూచోవాలి?”

“అందరం ఆఖరుసారి కలిసి తిన్నచోట. వీధులు మరిచిపోతారు, ట్రాము నంబర్లు మరిచిపోతారు. తిన్నచోటు కడుపు మరిచిపోదు.”

అమ్మ నవ్వింది. “ఆ మాట చెప్పడానికి ఇంత లెక్కా?” అంది.

ఆ రోజే తమ్ముడు తప్పిపోయాడు. దీపాలు అమ్మేవాళ్ళ వరసలో నా చెయ్యి వదిలేశాడు. అమ్మ ఏడుస్తూ చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తింది. నాన్న నా చెయ్యి పట్టుకుని, పరిగెత్తకుండా, గబగబా ఆ మెట్ల దగ్గరికి నడిచాడు. తమ్ముడు సరిగ్గా మేం తిన్న మెట్టు మీద, మఠం వేసుకుని కూర్చుని, వేళ్ళకి అంటిన పులిహోర పసుపు నాకుతున్నాడు.

“ఎంతసేపు చూడాలి నాన్నా, కూచుని కూచుని కాళ్ళు తిమ్మిరెక్కేయి,” అన్నాడు పైగా.

నాన్న ఆ రోజు ఎంత గర్వపడ్డాడో! దారంతా ట్రాములో పక్కవాళ్ళకి తనకొచ్చిన బర్మా భాషలో ఆ సంగతి చెప్పాడు. ఆ రోజు నుంచి అది మా ఇంట్లో చట్టమైపోయింది. ప్రతి ఆదివారం తినడం అయ్యాక నాన్న, “తప్పిపోతే?” అనేవాడు. మేం ముగ్గురం, మాటలు రాని చెల్లితో సహా, తిన్నచోటు వేలితో చూపించేవాళ్ళం.

తరవాత బాంబులు పడ్డాయి.

దాని గురించి నాకు తెలిసింది తక్కువ. సైరను కూత, కింద తవుడు బస్తాల మధ్య కూర్చోవడం, ట్రాములు ఆగిపోవడం. ఆదివారాలు ఆగిపోయాయి. ఓడలో ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే చోటు దొరికింది. రేవులో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు. అమ్మ తువ్వాలులో కట్టిన అన్నం మూట విప్పబోయింది.

“ఓడలో తినండి. నేను మిల్లుకెళ్ళి తింటాను. ముందు ఎక్కండి,” అన్నాడు నాన్న.

“మీరు?”

“ఓడ దొరికితే ఓడలో, లేకపోతే నడిచి. మిల్లువాళ్ళు నలుగురున్నారు, కలిసి బయల్దేరతాం.”

మేం పైకి వెళ్ళాక కింద జనంలో నాన్న కనబడలేదు. కాగితం గొడుగు ఒకటి విప్పి పైకి ఎత్తాడు, అప్పుడు కనబడ్డాడు. ఏదో అరిచాడు. ఓడ కూతలో మొదటి ముక్క పోయింది. రెండోది విన్నాం.

“...తెలుసుగా!”

తప్పిపోతే తెలుసుగా, అన్నాడని తమ్ముడు. నేనూ అదే అనుకున్నాను. అమ్మ అన్నం మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలా ఏళ్ళ తరవాత ఒకసారి నాతో అంది, “అక్కడే కూచోబెట్టి ఒక్క ముద్ద తినిపించి ఉంటే బావుండేది” అని.

చెల్లి పుట్టినప్పుడు కొన్నాళ్ళున్నా, బండారులంక నాకూ తమ్ముడికీ పరాయి దేశమే. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి పెదనాన్నది, ఇంకొకటి నాన్న వదిలి వెళ్ళింది. పొద్దున్న లేస్తే గంజి వాసన, నూలుకి వేసే రంగు వాసన. మామ్మ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, అరుగు మీద రాట్నం పెట్టుకుని నూలు కండెలు చుట్టేది. తమ్ముడు కండెల్ని బర్మా అంకెల్లో తిట్, నిట్, తోన్ అని లెక్కపెడితే, “వీడెవడే, దెయ్యాలతో మాటాడతాడు!” అని బెదిరేది. నేను తొలిసారి తేగ తిన్నది అక్కడే. పీచు కూడా నమిలి మింగేశాను. వీధి పిల్లలు పదిరోజులు నవ్వారు.

అక్కడ ఎవరికీ ఆదివారం లేదు. మగ్గానికి అమావాస్య సెలవుగాని ఆదివారం ఏమిటి? మేం వచ్చిన కొన్నాళ్ళకి ఓ ఆదివారం అమ్మ తెల్లారగట్లే లేచి పులిహోర కలిపింది. ఇత్తడి క్యారేజీ అక్కడే ఉండిపోయింది, అందుకని అరిటాకుల్లో కట్టింది. నాన్న నేసే మగ్గం మీద ఇప్పుడు అమ్మే నేస్తోంది. పెదనాన్న దగ్గరికి వెళ్ళి, “బావగారూ, ముక్తేశ్వరం దాకా వెళ్ళొస్తాం,” అంది.

“రేవుకా? ఏం పనమ్మాయ్?”

“మీ తమ్ముడు వస్తే ఆ రేవు మీదుగానే కదండీ రావడం.”

“వస్తే ఇంటికే వస్తాడు గదమ్మా.”

అమ్మ తల వంచుకుని, “ఆయ్,” అంది. అయినా బయల్దేరింది.

ముక్తేశ్వరమే ఎందుకో నాకు దారిలో చెప్పింది. చెల్లి పుట్టాక నాన్న మమ్మల్ని రంగం తీసుకువెళ్ళడానికి వచ్చాడు. గోదావరి దాటితే అవతల కోటిపల్లి, అప్పట్లో అక్కడినుంచి కాకినాడకి రైలుండేది. పడవ కోసం ఇవతల ముక్తేశ్వరం రేవులో కూర్చుని తిన్నాం. చెల్లి పాలు తాగే పిల్ల. నాన్న వేలు బెల్లంలో అద్ది దాని నాలిక్కి రాసి, “ఇదీ తిన్నట్టే లెక్క. అందరం తిన్నాం,” అన్నాడట. ఈ దేశంలో మేం అయిదుగురం కలిసి తిన్న ఆఖరి చోటు అది.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం కాదు, మగ్గం మీద చీర దిగిన వారం. అమలాపురం దాకా నడక. అక్కడ బొగ్గు బస్సు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సు వెనకాల పొయ్యి పెట్టి బొగ్గు మీద నడిపేవారు. వంతెన ఎక్కాలంటే అందరం దిగి తొయ్యాలి. దిగేసరికి మా మొహాలు మసి. తమ్ముడు ఆ మసితో మీసాలు దిద్దుకునేవాడు. వీధి చివర ఇంటావిడ మేం వెళుతుంటే గుమ్మంలో నిలబడి, “ఏవమ్మో, రంగం దొరసానీ, షికారేనా ఇవాళ?” అనేది. అమ్మ నవ్వి, “షికారేనండి,” అనేది. నిజం చెప్పాలంటే మాకు షికారే. నాన్న కోసం వెళుతున్నామని తెలుసు. తెలిసి కూడా శనివారం నాడు సంబరంగా ఉండేది.

రేవులో పడవ సరంగు ఒకాయన ఉండేవాడు. మేం ఎవరి కోసం వస్తున్నామో అమ్మని అడిగి తెలుసుకున్నాడు. అప్పటికి రైలు పట్టాలు యుద్ధానికి పీక్కుపోయారు. అయినా రంగం నుంచి తిరిగొచ్చేవాళ్ళు బస్సుల మీద కోటిపల్లి చేరి ఆ పడవే ఎక్కేవారు.

“పడవ ఇవతలకొచ్చేదాకా మీరలా ఎండలో నిలబడక్కర్లేదమ్మా,” అన్నాడు సరంగు. “రంగం మనిషి ఎవరైనా ఎక్కితే నడి ఏట్లోనే తలగుడ్డ తీసి ఊపుతాను. ఊపకపోతే లేరన్నమాట. పిల్లలు తినేసి ఆడుకోవచ్చు.”

ఎన్నోసార్లు ఊపాడు. ప్రతిసారీ మేం నీళ్ళలోకి దిగి నిలబడేవాళ్ళం. చెల్లికి నాన్న మొహం గుర్తులేదు. దిగిన ప్రతి మగవాణ్ణీ చూపించి, “ఈయనా?” అనేది. “కాదే.” “ఈయనా?” “కాదమ్మా.” ఒకసారి ఓ ముసలాయన్ని చూపించి అడిగితే తమ్ముడు పడీపడీ నవ్వాడు. అమ్మ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. అయిదో ఆకు విప్పి అందులోది మా ముగ్గురికీ పంచింది. తినే ముందు పరిచేవి ఎప్పుడూ అయిదు ఆకులే.

యుద్ధం అయిపోయింది. వచ్చేవాళ్ళు వచ్చేశారు. ఇంట్లో మాటలు మారాయి. మొదట లేవదీసింది మామ్మ.

“వాడికి ఆకలే కోడలా,” అంది ఓ సాయంత్రం, రాట్నం ఆపి. “కలలోకొస్తున్నాడు. గుమ్మం దాటి రాడు. అన్నం పెట్టమంటాడు. పిండం వెయ్యకపోతే వాడెక్కడ తింటాడే?”

“మీ అబ్బాయి బతికే ఉన్నారండి అత్తయ్యగారూ.”

“ఉంటే నీ నోట్లో పంచదార పొయ్యా. లేకపోతే? నువ్వు రేవులో పెట్టే ఆకు కాకులకే గదా?”

పెదనాన్న అంత మాట అనలేదు. మంచి మనిషి ఆయన. కాని చుట్టాలు వచ్చినప్పుడల్లా అమ్మ బొట్టు వైపు చూడటం, ఆయన మొహం పక్కకి తిప్పుకోవడం నేను గమనించేదాన్ని. ఓసారి పురోహితుణ్ణి పిలిపించి, మనిషి దొరక్కపోతే దర్భబొమ్మ చేసి కర్మ ఎలా చెయ్యాలో కనుక్కున్నాడు. ఆ రాత్రి అమ్మతో అన్నాడు.

“నువ్వు ఊఁ అంటేనేనమ్మాయ్. బలవంతం లేదు.”

“నేను ఊఁ అంటే ఆయన్ని నేను పంపించేసినట్టండి బావగారూ. ఎక్కడో కూచునుంటే? మనం లేచి వచ్చేశాక వస్తే?”

పెదనాన్న పోగు విసిరే నాడె చేతిలోకి తీసుకుని మళ్ళీ నేతలో పడ్డాడు.

నేను ఆ రోజుల్లో ఎటూ తేల్చుకోలేకపోయేదాన్ని. మామ్మా అమ్మా పోట్లాడుకుంటున్నట్టు కనబడేది. ఇద్దరూ అడుగుతున్నది ఒకటేనని, ఆయనకి అన్నం ఎక్కడ పెట్టాలన్నదేనని, నాకు పెద్దయ్యాక తెలిసింది.

వానాకాలం వెళ్ళిన కొత్తలో ఓ ఆదివారం. ఏరు ఇంకా ఎర్రగానే ఉంది. సరంగు నడి ఏట్లో తలగుడ్డ ఊపాడు. చాన్నాళ్ళయింది అది ఊగి. దిగినవాళ్ళలో ఒకాయన, ఎముకల గూడులాంటి మనిషి, భుజాన చిన్న మూట. సరంగు ఆయన్ని మా దగ్గరికి తీసుకొచ్చాడు.

“రాజోలు దగ్గర మనిషండి. రంగం నుంచి నడిచొచ్చేరట.”

“నడిచాండీ?” అంది అమ్మ.

“ఆయ్. నడిచేవచ్చేనమ్మా. కొండలు దాటేక జొరాలతో పడిపోయేను. ఆ పైన అస్సాంలో తేయాకు తోటలో ఉండిపోయేను. ఇప్పటికి ఇల్లు చేరుతున్నాను.”

“దారిలో బండారులంకాయన ఎవరైనా తగిలేరాండి? మగ్గాలవాళ్ళు. మిల్లులో తూకం రాసేవారు.”

ఆయన మూట కిందికి దించాడు. మమ్మల్ని వరసగా చూశాడు.

“ఇద్దరాడపిల్లలు, ఒక మగపిల్లాడా అమ్మా?”

అమ్మ తల ఊపింది.

“తగిలేరమ్మా. కొండ దారిలో. మూడు రాళ్ళు, ఆరిపోయిన పొయ్యి. దాని పక్కన కూచునున్నారు. మా మాటలు విని, తెలుగువాళ్ళేనా అని ఆయనే పిలిచేరు. వాన పట్టేలా ఉందండి, లేవండి, మాతో నడవండి అన్నాను. మావాళ్ళు నలుగురున్నారండి, నీళ్ళకని కిందికి దిగేను, పైకొచ్చేసరికి లేరు, పొద్దున్న ఇక్కడే గంజి కాచుకు తాగేం, వాళ్ళు ఇక్కడికే వస్తారు అన్నారు. ముందుకెళ్ళిపోయుంటారండి అన్నాను. నవ్వేరు. వెతికేవాళ్ళిద్దరూ తిరగకూడదండి, ఒకళ్ళు కూచోవాలి అన్నారు.”

తమ్ముడి పెదాలు ఆ మాటతో పాటు కదలడం నేను చూశాను. ఇంక ఆ మనిషి మా నాన్న అవునా కాదా అన్న సందేహం లేదు.

అమ్మ అడిగింది.

“ఆ నలుగురికీ ఆ సంగతి తెలుసాండి? కూచోవాలని?”

“తెలిసినట్టు లేదమ్మా. తరవాతి మజిలీలో వాళ్ళని చూశాం. ఈయనే ముందెళ్ళిపోయేరనుకుని, అందుకోవాలని గబగబా నడుస్తున్నారు. వెనక్కి వెళ్ళండయ్యా అంటే, అంత దూరం వెనక్కా అన్నారు. ఆ దారిలో వెనక్కి తిరిగే ఓపిక ఎవరికీ లేదమ్మా.”

“తరవాత?”

ఆయన ఏటి వైపు చూస్తూ చెప్పాడు. “మా వెనకాల వచ్చినవాళ్ళు చూశారటమ్మా. అక్కడే, ఆ రాళ్ళ దగ్గరే. జొరమో, వాంతులో. అలా కూచునే ఉన్నారట. వాళ్ళే మట్టి కప్పేరు.”

రేవులో ఎవరో కొబ్బరికాయలు లెక్కపెడుతూ పడవలోకి విసురుతున్నారు. ఆ చప్పుడు ఆగలేదు.

“మీరు చూసినప్పుడు ఆయన ఏవైనా తిన్నారాండి?” అంది అమ్మ.

“మా దగ్గర వేయించిన బియ్యం ఉంటే దోసెడు పెట్టేను. నా ఎదురుగుండానే తిన్నారమ్మా.”

అమ్మ లేచి ఆకులు పరిచింది. ఎప్పటిలాగే అయిదు. “కూచోండి అన్నయ్యగారూ,” అంది ఆయన్ని. ఆయన వద్దన్నాడు. “ఆయనకి పెట్టిన చేతికి నేను పెట్టకపోతే ఎలాగండి?” అంది. ఆయన కూర్చున్నాడు. ఆకు ముందు చేతులు పెట్టుకుని ఏడ్చాడు, తరవాత తిన్నాడు. అమ్మ కూడా తింది. మేమూ తిన్నాం. నేను ఎందుకు తినగలిగానో నాకు తెలియదు. పులిహోరలో ఉప్పు ఎక్కువైందని మాత్రం గుర్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి మామ్మ అరుగు మీదే ఉంది. అమ్మ మెట్టు మీద, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. ముందు చెప్పింది చావు కబురు కాదు.

“తిన్నారట అత్తయ్యగారూ. కడుపులో ఏవీ లేకుండా పోలేదట.”

మామ్మ అమ్మ తలని ఒళ్ళోకి లాక్కుంది. లోపల పెదనాన్న మగ్గం ఆగిపోయింది. ఆ రోజు ఇంక మోగలేదు.

కర్మ ముక్తేశ్వరం రేవులోనే జరగాలని అమ్మ అడిగింది. పెదనాన్న సరేనన్నాడు. తమ్ముడి చేత చేయించారు. దర్భబొమ్మ చాలా చిన్నది, మా నాన్న చెయ్యంత కూడా లేదు. సరంగు ఆ పూట పడవ కట్టేసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ బొట్టు తీసేసిన మొహం నేను ఆ రోజే చూశాను, ఆ మొహానికి అలవాటు పడటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తిరిగి వస్తూ బస్సు వంతెన దగ్గర ఆగింది. అందరం దిగి తోస్తున్నాం. చెల్లి అమ్మ కొంగు లాగి అడిగింది.

“అమ్మా, ఇంకమీదట తప్పిపోతే ఎక్కడ కూచోవాలి?”

అమ్మ బస్సు తోస్తూనే ఉంది. అది కదిలాక, చేతుల మసి చీరకి తుడుచుకుని, “ఎక్కడా కూచోవద్దు. ఇంటికొచ్చెయ్యండి. నేను ఇంట్లోనే ఉంటాను,” అంది. బండారులంక ఇంటిని ఆవిడ ఇల్లు అనడం నేను వినడం అదే మొదలు.

ఆదివారాలు అక్కడితో అయిపోయాయి.

తరవాత తరవాత, మగ్గాల లెక్కలు చేతికి వచ్చాక, నాన్న చెప్పిన సూత్రాన్ని నేను ఎన్నో విధాల వేసి చూశాను. అందులో తప్పెక్కడుందా అని. సూత్రంలో తప్పు లేదు. అవతలివాళ్ళకి కూడా తెలిసి ఉండాలి, అంతే. ఆయన దాన్ని నేర్పింది మా నలుగురికే. లోకంలో అది తెలిసినవాళ్ళందరం ఆ వేళ ముక్తేశ్వరం రేవులో ఆకులు పరుచుకుని ఆయన కోసం చూస్తున్నాం. రెండు చోట్లా కూర్చునేవాళ్ళే, తిరిగేవాళ్ళు ఎవరూ లేరు. ఈ లెక్క తేలిన రోజున, నా పిల్లలకి ఈ మాట చెప్పకూడదని నిశ్చయించుకున్నాను.

అంతర్వేది నుంచి తిరుగు బస్సులో పిల్లలిద్దరూ నిద్రపోయారు. చిన్నది నా ఒళ్ళో. జుట్టు నిండా ఇసక.

“ఆ మాట నీకెవరు చెప్పేరే?” అని అడిగాను మా అమ్మాయిని.

“ఏ మాటమ్మా?”

“తిన్నచోట కూచోమని.”

“అమ్మమ్మే. చిన్నప్పుడు నన్ను సంతకి తీసుకెళ్ళినప్పుడల్లా ముందు ఏదో ఒకటి కొనిపెట్టి, తిన్నాక చెప్పేది.”

అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ మాట తను మళ్ళీ నోటితో అని ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

“తరవాత ఇంకేదో అన్నావు కదా, పిల్లలతో. డప్పుల్లో నాకు వినబడలేదు.”

“అదా?” అంది మా అమ్మాయి, ఆవలింత ఆపుకుంటూ. “కాసేపు చూడండి, మేం రాకపోతే, ఎవరైనా మంచివాళ్ళు మాతో రండి అని పిలిస్తే మాత్రం లేచి వాళ్ళతో నడవండి. కూచునే ఉండిపోకండి. మేం వెనకాల వచ్చి కలుస్తాం అని. అమ్మమ్మ ఆ ముక్క మాత్రం నా చేత రెండేసిసార్లు అప్పజెప్పించుకునేది. ఎందుకో మరి.”

నేను కిటికీ వైపు తిరిగాను. బయట కొబ్బరితోటలు చీకట్లో వెనక్కి పోతున్నాయి. ఆ కొండదారిలో, ఆ మూడు రాళ్ళ దగ్గర నిలబడి, మా అమ్మ ఎన్నేళ్ళు ఆయన్ని లెమ్మని పిలిచిందో నా లెక్కకి అందలేదు.